ఆడని జట్టు ఓడిపోయే ఆట



2021 జనవరి 4, సోమవారం. పొద్దున్న పదింటి వేళ ఫోన్ మోగింది. అమెరికా నుంచి మా మేనల్లుడు. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాడు. అక్కడప్పుడు ఆదివారం అర్ధరాత్రి కావస్తోంది. అంత రాత్రప్పుడు పరదేశం నుంచి ఫోనంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కంగారుగానే ఎత్తాను. "మావయ్యా, నోటికాడి కూడు లాగేశారు!" అన్నాడు. ఉద్యోగం పోయిందేమో అనుకున్నాను. తీరా చూస్తే ఫుట్‌బాల్ గొడవ.

మనమనుకునే ఫుట్‌బాల్ కాదు లెండి. కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. హెల్మెట్లూ, భుజాల మీద కవచాలూ పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడే అమెరికన్ ఫుట్‌బాల్. ఆ రాత్రి ఫిలడెల్ఫియా ఈగల్స్‌కీ, వాషింగ్టన్ జట్టుకీ ఆట. మావాడి జట్టు న్యూయార్క్ జెయింట్స్. అది ఆ మైదానంలో లేనే లేదు. ఆ మధ్యాహ్నమే డాలస్ మీద 23-19తో గెలిచి, ఇళ్లకి వెళ్లి టీవీల ముందు కూర్చుంది. వాషింగ్టన్ ఓడితే జెయింట్స్‌కి ప్లేఆఫ్స్ బెర్తు, గెలిస్తే ఇంటికి. మూడు క్వార్టర్లయ్యేసరికి వాషింగ్టన్ 17, ఈగల్స్ 14. ఇంకా పావు వంతు ఆట ఉంది, ఎటైనా తిరగొచ్చు. సరిగ్గా అప్పుడు ఈగల్స్ కోచ్ డగ్ పెడర్సన్ తన జట్టుని నడిపే క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని బయటికి పిలిచి, నేట్ సడ్‌ఫెల్డ్‌ని దించాడు. ఆ సీజన్లో అప్పటిదాకా సడ్‌ఫెల్డ్ ఒక్క పాసూ వేయలేదు. వచ్చీరాగానే ఒక బంతిని ప్రత్యర్థి చేతిలో పెట్టాడు, మరొకటి జారవిడిచాడు. ఆట 20-14తో ముగిసింది. వాషింగ్టన్ ముందుకెళ్లింది, జెయింట్స్ ఇంటికెళ్లింది.

ఈగల్స్‌కి ఆ ఆటలో పోయేదేమీ లేదు. వాళ్ల సీజన్ ఎప్పుడో మునిగిపోయింది. పైగా ఓడితే మరుసటి ఏడాది కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆరో వంతు దక్కుతుంది, గెలిస్తే తొమ్మిదో వంతు. అంచేత ఆ రాత్రి జరిగింది అచ్చంగా 'ప్రధాన ఆటగాళ్లకి విశ్రాంతి' కోవలోకి రాకపోవచ్చు. కానీ దెబ్బ తగిలే చోటు అదే. ఇద్దరు ఆడిన ఆటలో మూడోవాడు ఓడిపోయాడు. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ మూడోవాడి గురించి.

ముందు ఆ లీగ్ సంగతి కాస్త చెప్పాలి. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. అందరూ ఎన్‌ఎఫ్‌ఎల్ అంటారు. 32 జట్లు, రెండు కాన్ఫరెన్సులు, ఒక్కో దాంట్లో నాలుగేసి డివిజన్లు, ఒక్కో డివిజన్లో నాలుగేసి జట్లు. సెప్టెంబర్‌లో మొదలై జనవరి మొదటివారం దాకా లీగ్ దశ నడుస్తుంది. 2020 దాకా జట్టుకి 16 ఆటలు, 2021 నుంచి 17. మన ఐపీఎల్‌లో ఒక జట్టు రెండు నెలల్లో 14 ఆటలాడుతుంది. అక్కడ వారానికి ఒక్కటే. అంతకంటే ఎక్కువైతే ఒళ్లు తట్టుకోదు. ప్రతి ఆటా చిన్నసైజు రోడ్డు ప్రమాదం లాంటిది. అందులో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు, మన సినిమా భాషలో చెప్పాలంటే, హీరో, దర్శకుడూ ఒక్కడే అయినట్టు. ప్రతి ఎత్తుగడా వాడి చేతుల మీదుగా నడవాలి. వాడు మంచాన పడితే సీజనే మంచాన పడ్డట్టు.

కాబట్టి డిసెంబర్ ఆఖరుకల్లా అగ్రస్థానం ఖాయం చేసుకున్న కోచ్‌కి ఒక ఆలోచన వస్తుంది. 'మిగిలిన రెండాటలూ గెలిచినా ఒకటే, ఓడినా ఒకటే. నా హీరోని ఎందుకు బరిలోకి దించాలి?' మన పత్రికలు అలాంటి ఆటకి చక్కటి మాట వాడతాయి, నామమాత్రపు మ్యాచ్ అని. చిక్కల్లా ఏమిటంటే, అది నామమాత్రం అయ్యేది ఒక పక్షానికే. ఎదుటి పక్షానికి అది చావోరేవో కావొచ్చు. ఆ ఇద్దరికీ సంబంధంలేని ఇంకో ఊరి జట్టుకి కూడా కావొచ్చు.

దీనికి పెద్ద ఉదాహరణ 2009 సీజన్. ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టు, పేటన్ మానింగ్ క్వార్టర్‌బ్యాక్. ఆడిన 14 ఆటలూ గెలిచారు. అంతకుముందు సీజన్ చివరి గెలుపులతో కలిపితే వరసగా 23, లీగ్ దశలో అప్పటికి అదే రికార్డు. సీజన్ మొదలు నుంచి సూపర్ బౌల్ అనే ఫైనల్ దాకా ఒక్కటీ ఓడకుండా కప్పు ఎత్తిన జట్టు ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఒక్కటే, 1972 నాటి మయామి డాల్ఫిన్స్. కోల్ట్స్ ఆ గీతకి మరో ఐదు గెలుపుల దూరంలో ఉన్నారు.

2009 డిసెంబర్ 27న సొంతగడ్డ మీద న్యూయార్క్ జెట్స్‌తో పదిహేనో ఆట. జెట్స్ అప్పటికి ఏడు గెలిచి ఏడు ఓడారు. మరొకటి ఓడితే వాళ్ల కథ కంచికే. మూడో క్వార్టర్లో కోల్ట్స్ 15-10 ఆధిక్యంలో ఉండగా కోచ్ జిమ్ కాల్డ్‌వెల్ మానింగ్‌నీ, మరికొందరు ముఖ్యుల్నీ బయటికి పిలిచాడు. కర్టిస్ పెయింటర్ అనే కొత్త కుర్రాడు బరిలోకి దిగాడు. కాసేపటికే బంతి జారవిడిచాడు, జెట్స్ దాన్ని పట్టుకుని అక్కడికక్కడే టచ్‌డౌన్ చేసుకున్నారు. చివరికి 29-15తో జెట్స్ గెలిచారు. మానింగ్ హెల్మెట్ తీసేసి, చెరువు గట్టున నిలబడి పక్కవాడి ఈత చూస్తున్నవాడిలా మైదానం అంచున నిలబడ్డాడు. టికెట్ కొని వచ్చిన సొంత ఊరి జనమే సొంత జట్టుని ఎద్దేవా చేస్తూ అరిచారు.

అజేయంగా నిలవడం మా లక్ష్యం కాదు, సూపర్ బౌల్ మా లక్ష్యం. యాజమాన్యం వాదన ఇదీ. తర్కం బాగానే ఉంది. ఇప్పుడు అవతలి వైపు చూడండి. జెట్స్ బతికి బట్టకట్టారు. చివరివారం సిన్సినాటి బెంగాల్స్‌తో ఆట. బెంగాల్స్ కూడా అప్పటికే డివిజన్ గెలుచుకుని నిమ్మళంగా ఉన్నారు, కొందరు ముఖ్యుల్ని పక్కన కూర్చోబెట్టారు. స్కోరు 37-0. తొమ్మిది గెలుపులతో జెట్స్ ప్లేఆఫ్స్‌కి చేరారు. అవే తొమ్మిది గెలుపులున్న రెండు జట్లు బయట ఉండిపోయాయి. ఒకటి అంతకుముందు ఏడాది ఛాంపియన్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్. రెండోది హ్యూస్టన్ టెక్సన్స్. వాళ్ల జట్టు పుట్టాక ఓటములకంటే గెలుపులు ఎక్కువగా చూసిన మొదటి సీజన్ అది. ఇండియానాపొలిస్‌లో జెట్స్ ఓడిపోయి ఉంటే ఆ రెండిట్లో ఒకటి లోపలికి వచ్చేది. ఆ డిసెంబర్ సాయంత్రం మానింగ్‌కి ఇచ్చిన విశ్రాంతి ఖరీదు కట్టింది పిట్స్‌బర్గ్, హ్యూస్టన్ ఊళ్లు.

అయితే కోచ్‌ల భయం ఉత్తదేం కాదు. అదే సీజన్ చివరి ఆదివారం, 2010 జనవరి 3న, హ్యూస్టన్‌లో ఏం జరిగిందో వింటే మీకే తెలుస్తుంది. ఎదురుగా న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్. వాళ్లకి డివిజన్ ఎప్పుడో ఖాయమైపోయింది. అయినా కోచ్ బిల్ బెలిచిక్ తన ముఖ్యుల్ని దించాడు. వాళ్లలో వెస్ వెల్కర్ అనే చిన్నపాటి మనిషి ఉన్నాడు. ఆ సీజన్లో 123 పాసులు అందుకున్నవాడు. ఆట మొదట్లోనే ఒక బంతి పట్టుకుని పక్కకి తిరగబోయాడు. ఎవరూ ముట్టుకోనైనా లేదు. ఎడమ మోకాలు మడతపడింది. స్నాయువులు తెగాయి, అక్కడితో సీజన్ ముగిసింది. ఆ ఆట హ్యూస్టన్ 34-27తో గెలిచింది, అయినా పైన చెప్పినట్టు వాళ్లకి దక్కిందేమీ లేదు. మరుసటి ఆదివారం పేట్రియాట్స్ సొంతగడ్డ మీద బాల్టిమోర్ చేతిలో 33-14తో చిత్తయ్యారు.

ఒకే మైదానం, ఒకే మధ్యాహ్నం. పూర్తి బలంతో ఆడాల్సిన అవసరం ఎవరికోసమో అక్కడే ఉంది, ఆడితే ఏమవుతుందో కూడా అక్కడే కనిపించింది. ఈ ఆటని చూపించి రెండు పక్షాలూ వాదించుకోవచ్చు. అమెరికాలో వాదించుకున్నారు కూడా.

ఇంతకీ విశ్రాంతి వల్ల లాభముందా? ఈ ప్రశ్నకి అమెరికా వాళ్ల దగ్గర రెండు మాటలున్నాయి. ఒకటి విశ్రాంతి, రెండోది తుప్పు. కొడవలిని వాడకుండా చూరులో పెడితే మొన తేలుతుందా, తుప్పు పడుతుందా? నిదర్శనాలు రెండువైపులా ఉన్నాయి. ఆ 2009 కోల్ట్స్ సూపర్ బౌల్ దాకా వెళ్లారు, న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ చేతిలో 31-17తో ఓడారు. తుప్పు పట్టబట్టే అంటారా? సెయింట్స్ కూడా ఆఖరి వారంలో తమ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్‌ని ఆడించలేదు మరి. ఇదే కోల్ట్స్ 2005లో వరసగా 13 గెలిచారు, ఆ తర్వాత పట్టు సడలించారు, సొంత మైదానంలో ఆడిన మొదటి ప్లేఆఫ్‌లోనే పిట్స్‌బర్గ్ చేతిలో పోయారు. మానింగ్ కోల్ట్స్‌తో గెలిచిన ఒకే ఒక్క సూపర్ బౌల్ 2006 సీజన్‌ది. ఆ ఏడాది వాళ్లు కాన్ఫరెన్స్‌లో మూడో స్థానంలో ఉండి, విశ్రాంతి వారమంటూ లేకుండా అన్ని మెట్లూ ఎక్కి వెళ్లారు. 2019లో బాల్టిమోర్ 14 గెలిచి, చివరి ఆటలో క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌ని కూర్చోబెట్టింది, ప్లేఆఫ్స్‌లో టెనెసీ టైటన్స్ చేతిలో 28-12తో మొదటి మెట్టు మీదే జారింది. ఇక 2024 ఈగల్స్ ఆఖరి వారం ముఖ్యుల్ని పక్కన పెట్టి, కప్పు కూడా ఎత్తుకుపోయారు. ఎవరికి ఏ ఉదాహరణ కావాలంటే అది దొరుకుతుంది. కాబట్టి 'ఆడించడం మీకే మంచిది' అని కోచ్‌లకి నచ్చజెప్పే దారి నాకు కనబడదు.

ఒక్క కథ మాత్రం చెప్పకుండా ఉండలేను. 2007 డిసెంబర్ 29, శనివారం రాత్రి. పేట్రియాట్స్ 15కి 15 గెలిచి న్యూజెర్సీకి వచ్చారు. ఎదురుగా మావాడి జెయింట్స్. ప్లేఆఫ్స్‌లో వాళ్ల స్థానం ఖరారైంది. గెలిచినా ఒక మెట్టు పెరగదు, ఓడినా ఒక మెట్టు తగ్గదు. ముఖ్యుల్ని దాచుకో, ఇదేం పిచ్చి అని కోచ్ టామ్ కాఫ్లిన్‌కి చెప్పినవాళ్లకి కొదవలేదు. ఆయన వినలేదు. అందర్నీ దించాడు, చివరి నిమిషం దాకా ఆడించాడు. ఇద్దరు ముగ్గురు గాయపడ్డారు కూడా. 38-35తో ఓడారు. పేట్రియాట్స్ 16కి 16 పూర్తి చేశారు. ఐదు వారాల తర్వాత ఆరిజోనాలో సూపర్ బౌల్‌లో మళ్లీ వీళ్లిద్దరే ఎదురుపడ్డారు. ఈసారి జెయింట్స్ 17-14తో గెలిచారు. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్, పేటన్ మానింగ్ సొంత తమ్ముడు. డిసెంబర్‌లో వీళ్లని ఓడించవచ్చని తెలిసింది కాబట్టే ఫిబ్రవరిలో ఓడించగలిగారని జెయింట్స్ అభిమానులు ఇప్పటికీ అంటారు. నిరూపించలేం. నాకు మాత్రం నమ్మబుద్ధేస్తుంది.

సరే, జట్లని పూర్తి బలంతో ఆడించాలంటే ఏం చెయ్యాలి? అందరికీ ముందు తట్టేది జరిమానా. ఇంగ్లండ్‌లో చేసి చూశారు. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాలే. 2009 డిసెంబర్‌లో వుల్వర్‌హాంప్టన్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్ మీదికి ఆటకి వెళ్తూ, అంతకుముందు ఆటలో ఆడిన పదిమందిని మార్చేసింది. మేనేజర్ మిక్ మెకార్తీ లెక్క సూటిగా ఉంది. యునైటెడ్ మీద ఎలాగూ గెలవం, నాలుగైదు రోజుల్లో బర్న్‌లీతో ఆట ఉంది, బలం అక్కడ పెడదాం. యునైటెడ్ మీద 3-0తో ఓడారు, బర్న్‌లీ మీద 2-0తో గెలిచారు, ఆ సీజన్ కిందికి జారకుండా లీగ్‌లో నిలబడ్డారు. ప్రీమియర్ లీగ్ 25 వేల పౌండ్ల జరిమానా వేసి, దాన్ని కూడా వాయిదాలో పెట్టింది. మరుసటి ఏడాది బ్లాక్‌పూల్ మేనేజర్ ఇయాన్ హాలోవే ఆస్టన్ విల్లా మీద అలాగే పదిమందిని మార్చాడు. ఆయన 'రెండో రకం' జట్టు 3-2 దాకా పోరాడి ఓడింది. అయినా 25 వేల పౌండ్లు కట్టమన్నారు. కోట్ల పౌండ్లు చేతులు మారే లీగ్‌లో ఆ జరిమానా పెళ్లిలో పోయిన చెప్పుల ఖరీదంత ఉండదు.

డబ్బు చాలకపోవడం ఒక్కటే కాదు, ఇంకో చిక్కుంది. పూర్తి బలం అంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టుకి 53 మంది ఉంటారు, ఆట రోజున 48 మందిదాకా దుస్తులేసుకుంటారు. డిసెంబర్ ఆఖరుకి వాళ్లలో ఒళ్లు నొప్పుల్లేనివాడు ఎవడూ ఉండడు. 'మా క్వార్టర్‌బ్యాక్ మడమ నొప్పిగా ఉందంటున్నాడు' అని కోచ్ అంటే కాదనే డాక్టరెవరు? నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమని మనవాళ్లు ఊరికే అనలేదు. పైగా గాయాలతో నిజంగా బాధపడే ఆటగాడిని జరిమానా భయంతో బరిలోకి తోస్తే ఆ పాపం లీగ్‌దే. కాబట్టి ఆజ్ఞలు, జరిమానాలు వద్దనే నా అభిప్రాయం.

ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు తెలివిగా మరో దారి పట్టారు. 2009 సీజన్ రభస తర్వాత కమిషనర్ రోజర్ గుడెల్ హయాంలో, 2010 నుంచి, చివరివారం ఆటలన్నీ ఒకే డివిజన్ జట్ల మధ్య పెట్టారు. అంటే ఇరుగుపొరుగు వైరాలన్నీ ఆఖరి రోజుకి దాచారన్నమాట. డివిజన్ ఎవరిదో ఆ రోజుదాకా తేలకుండా ఉండే అవకాశం పెరుగుతుంది, తేలినా పొరుగూరివాడి చేతిలో ఓడిపోవడానికి ఎవడికీ మనసొప్పదు. ఒక్క రూపాయి జరిమానా లేదు, ఒక్క ఆజ్ఞ లేదు. క్యాలెండర్ మార్చారు, అంతే. ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి పనే జరిగింది. 1982లో స్పెయిన్‌లోని హిహోన్ నగరంలో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా 1-0 స్కోరు దగ్గర ఆట ఆపేసినంత పని చేశాయి. ఆ స్కోరుతో ఇద్దరూ ముందుకెళ్తారు, ముందురోజే తన ఆట ముగించుకున్న అల్జీరియా ఇంటికి పోతుంది. అక్కడా నష్టపోయింది మైదానంలో లేని మూడోవాడే. 1986 నుంచి గ్రూపులో ఆఖరి ఆటలు రెండూ ఒకే సమయంలో మొదలవుతున్నాయి.

ఇంకో మార్పు 2020లో వచ్చింది. అంతకుముందు ఒక్కో కాన్ఫరెన్స్‌లో మొదటి రెండు జట్లకీ ప్లేఆఫ్స్ తొలివారం విశ్రాంతి దొరికేది. ఇప్పుడు అగ్రస్థానానికి ఒక్కదానికే. రెండో స్థానంవాడు కూడా మొదటివారమే ఆడాలి. దాంతో అగ్రస్థానం కోసం పోటీ ఆఖరుదాకా సాగుతోంది. ఐపీఎల్ చూసేవాళ్లకి ఈ కిటుకు పాతదే. 2011 నుంచి మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లకి ఫైనల్‌కి రెండు అవకాశాలు ఇస్తున్నారు కదా. బెర్తు ఖరారైన జట్టు కూడా ఆఖరి లీగ్ మ్యాచ్‌లో నెట్ రన్‌రేట్ లెక్కలు వేసుకుంటూ చెమటోడుస్తుంది.

ఈ రెండు మార్పులూ కలిసొస్తే ఆట ఎలా ఉంటుందో 2025 జనవరి 5 రాత్రి డెట్రాయిట్‌లో చూశారు. లయన్స్, మిన్నెసోటా వైకింగ్స్, ఒకే డివిజన్. ఇద్దరూ 16 ఆటల్లో 14 గెలిచారు. గెలిచినవాడికి కాన్ఫరెన్స్ అగ్రస్థానం, వారం విశ్రాంతి, ప్రతి ప్లేఆఫ్ సొంతగడ్డ మీద. ఓడినవాడికి ఐదో స్థానం, పరాయి ఊరి ప్రయాణం. ముఖ్యుల్ని దాచుకునే ఊసే లేదు. లయన్స్ 31-9తో గెలిచారు. వైకింగ్స్ 14 గెలుపులుండి కూడా తొలివారమే బయటికి పోయారు. ఇక లయన్స్ ఆ వారం విశ్రాంతి తీసుకుని వచ్చి, సొంత జనం ముందు వాషింగ్టన్ చేతిలో 45-31తో ఓడారు. తుప్పు సంగతి మళ్లీ మొదటికొచ్చింది, వదిలేద్దాం.

అదే రోజు డెన్వర్‌లో మాత్రం మందు పనిచేయలేదు. కాన్సాస్ సిటీ చీఫ్స్ క్రిస్మస్ రోజు పిట్స్‌బర్గ్ మీద గెలుపుతో అగ్రస్థానం ఖాయం చేసుకున్నారు. ఆఖరి ఆట డెన్వర్ బ్రాంకోస్‌తో. అదీ సొంత డివిజన్ జట్టే. అయినా తమ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌ని, మరెందరినో కూర్చోబెట్టారు. 38-0. బ్రాంకోస్ చివరి బెర్తు పట్టేశారు. దెబ్బ ఎవరికి? సిన్సినాటి బెంగాల్స్‌కి. జో బరో నాయకత్వంలో వరసగా ఐదు ఆటలు గెలిచి, శనివారం రాత్రే తమ వంతు ముగించుకుని, ఆదివారం చీఫ్స్ గెలవాలని దేవుళ్లకి మొక్కుకుంటూ కూర్చున్న జట్టు. 2009 చివరివారం తాము చేసిన పనే పదిహేనేళ్ల తర్వాత తమకి జరిగిందని సిన్సినాటిలో ఎంతమందికి గుర్తొచ్చిందో!

చీఫ్స్‌ని తప్పు పట్టలేం. 15 గెలిచి హాయిగా కూర్చునే హక్కు వాళ్లు సంపాదించుకున్నారు. మహోమ్స్ క్రిస్మస్ తర్వాత 24 రోజులకి గానీ మళ్లీ బరిలోకి దిగలేదు. సూపర్ బౌల్‌కి వెళ్లారు కూడా. నా ఫిర్యాదు నియమాల మీద. 16 ఆటలకే ప్రథమ బహుమతి చేతికి వచ్చేస్తే పదిహేడోది ఎందుకాడతాడు? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందెం వేయడం 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చట్టబద్ధమైంది. అందువల్ల ఎవరు ఆడతారో ఎవరు ఆడరో అన్నది అభిమానుల బాధ దాటి డబ్బు లెక్క కూడా అయింది.

నన్నడిగితే ఇంకా రెండు పనులు మిగిలున్నాయి. మొదటిది డెట్రాయిట్ వాళ్లే 2025లో ప్రతిపాదించారు. ప్లేఆఫ్స్‌లో స్థానాలు డివిజన్ విజేత అన్న బిరుదుని బట్టి కాకుండా, గెలుపుల సంఖ్యని బట్టి ఇవ్వాలని. ఇప్పుడు తొమ్మిది గెలిచిన డివిజన్ విజేత సొంత ఊళ్లో కూర్చుంటే, పద్నాలుగు గెలిచిన రెండోవాడు మూటాముల్లె సర్దుకుని అక్కడికి పోవాలి. దాన్ని మారిస్తే ఆఖరివారం ప్రతి గెలుపుకీ ఖరీదు ఉంటుంది. డివిజన్ గెలిచేశాం, ఇక ఎక్కడున్నా ఒకటే అనుకునే జట్ల సంఖ్య తగ్గుతుంది. మిగతా యజమానుల నుంచి మద్దతు చాలక ఆ మే నెలలోనే ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. అన్యాయం. మళ్లీ తేవాలి. ముందే అగ్రస్థానం గెలుచుకున్న చీఫ్స్‌లాంటివాళ్లని అది ఆపలేదన్నది నిజమే, కానీ వాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో.

రెండోది, ప్లేఆఫ్స్ లెక్క ముడిపడిన ఆటలన్నీ ఆఖరిరోజు ఒకే వేళకి పెట్టాలి. ప్రపంచ కప్‌లో చేసినట్టు. టీవీవాళ్లు ఒప్పుకోరు, వాళ్లకి శనివారం ఒకటి, ఆదివారం రాత్రి ఒకటి విడివిడిగా కావాలి. శనివారమే ఆట ముగించి ఆదివారమంతా టీవీ ముందు మొక్కుకునే కర్మ మాత్రం ఏ జట్టుకీ పట్టకూడదు.

గెలిస్తే డ్రాఫ్ట్‌లో అదనపు వంతులివ్వాలన్న ఆలోచన కూడా అమెరికాలో వినిపించింది. నాకు నచ్చలేదు. ఇప్పటికే పై మెట్టు మీదున్నవాడికి కొత్త కుర్రాళ్లని కూడా కట్టబెడితే డ్రాఫ్ట్ ఉన్న ప్రయోజనమే పోతుంది. బలహీనుల్ని లేపడానికి పెట్టిన ఏర్పాటది.

ఆటగాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. విశ్రాంతి అందరికీ తీపి కాదు. 2024లో ఈగల్స్ ఆటగాడు సేక్వాన్ బార్క్‌లీ బంతితో పరిగెత్తి 2,005 గజాలు గడించాడు. 1984లో ఎరిక్ డికర్సన్ నెలకొల్పిన సీజన్ రికార్డు 2,105. చివరి ఆటలో మరో 101 గజాలు పరిగెత్తితే నలభయ్యేళ్ల రికార్డు బద్దలు. ఆ ఆట ఎవరిమీదనుకున్నారు? అతణ్ణి అంతకుముందు వదులుకున్న జెయింట్స్ మీద. ఈగల్స్ స్థానం ఖరారైంది కనుక కోచ్ నిక్ సిరియానీ అతణ్ణి దించలేదు. వాళ్లు 20-13తో గెలిచారు, తర్వాత ఇదే చీఫ్స్‌ని సూపర్ బౌల్‌లో 40-22తో చితగ్గొట్టారు. జట్టుకి మంచే జరిగింది. డికర్సన్ రికార్డు మాత్రం ఆ ఏడాది కదల్లేదు.

మా మేనల్లుడు ఇప్పటికీ జెయింట్స్ అభిమానే. ఆ రోజు ఫోన్లో అరగంట తిట్టాడు. చివరికి, "పోనీ, ఆరు గెలిచి పది ఓడినవాళ్లకి ప్లేఆఫ్స్ ఎందుకురా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అది వేరే సంగతి మావయ్యా" అన్నాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి, జనవరి మొదట్లో పిల్లల్ని స్టేడియానికి తీసుకెళ్లాలనుకునే తల్లిదండ్రులకి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆడనివాళ్ల జాబితా ఆట మొదలవడానికి 90 నిమిషాల ముందు ప్రకటిస్తారు. టికెట్ మాత్రం అంతకు చాలా ముందే కొనాలి. మీరు చూడదలచుకున్న జట్టుకి అగ్రస్థానం అప్పటికే ఖాయమైపోయిందేమో చూసుకుని కొనండి. ఖాయమైపోయి ఉంటే ఇంట్లో కూర్చుని పక్క ఊరి ఆట చూడండి.